ఎనిమిదేళ్ల క్యూసీ అనుభవాన్ని దాచకండి, దాన్నే పట్టుకుని మారండి

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. వయసు 31, ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ, విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడి పదార్థం) కంపెనీలో, నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో ఎనిమిదేళ్లు. షిఫ్టులతో ఆరోగ్యం దెబ్బతింటోంది, పాపకి నాలుగేళ్లు, జీతం 46 వేల దగ్గర ఆగిపోయింది. మూడేళ్లుగా అప్రైజల్‌లో "కమ్యూనికేషన్ మెరుగుపరచుకోవాలి" అని అదే వాక్యం రాస్తున్నారు. హైదరాబాద్‌లో రెండు ఇంటర్వ్యూలకు వెళ్తే ఇంగ్లీషులో తడబడటంతో రెండూ పోయాయి. ఇప్పుడు స్నేహితుడొకరు అమీర్‌పేటలో మూడు నెలలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేసి, కన్సల్టెన్సీ ద్వారా నాలుగేళ్ల నకిలీ ఐటీ అనుభవం పెట్టించుకోమంటున్నాడు. అలా చేయొచ్చా, ఈ వయసులో లైను మారొచ్చా, మీటింగుల్లో నోరు ఎలా తెరవాలి అని అడిగారు.

నేనూ ఆ ల్యాబ్ నుంచే వచ్చాను. 2000లో ఎమ్మెస్సీ అవగానే హైదరాబాద్ శివార్లలో ఒక బల్క్ డ్రగ్ ప్లాంటులో చేరి తొమ్మిదేళ్లు క్యూసీలో పనిచేశాను. 2009లో లిమ్స్ అమర్చే ఒక చిన్న కంపెనీకి మారాను. లిమ్స్ అంటే మీకు తెలుసు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ల్యాబ్‌కి శాంపిల్ వచ్చినప్పటి నుంచి రిజల్ట్ బయటికి వెళ్లేదాకా నడిపించే సాఫ్ట్‌వేర్ అది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సరిగా పనిచేస్తోందని నిరూపించే ఒక వాలిడేషన్ టీమ్‌ని చూసుకుంటున్నాను. పన్నెండేళ్లుగా ఇంటర్వ్యూల్లో బల్లకి అవతలి వైపు కూర్చుంటున్నాను కాబట్టి అక్కడ ఏం చూస్తారో కూడా చెప్పగలను.

ముందు ఆ నకిలీ అనుభవం సంగతి. వద్దు. మీకు పీఎఫ్ ఉంది, యూఏఎన్ నంబరు ఉంది. ఏ కంపెనీలో ఏ తేదీన చేరారో, ఎప్పటిదాకా పీఎఫ్ జమ అయిందో అందులో కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఆ సర్వీస్ హిస్టరీ అడగడం ఇప్పుడు మామూలైపోయింది. పరవాడలో పీఎఫ్ జమ అయిన నెలల్లోనే హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశానని కాగితం చూపిస్తే అక్కడితో కథ అయిపోతుంది. ఆఫర్ వెనక్కి తీసుకోవడం ఒక రకం. చేరిన ఏడాదికి బయటపడి, రిలీవింగ్ లెటర్ లేకుండా పంపించేసిన కుర్రాళ్లని చూశాను, అది ఇంకా ఘోరం. ఆ తర్వాత అసలు అనుభవం చూపించినా ఎవరూ నమ్మరు.

పట్టుబడకపోయినా వద్దంటాను. ఎందుకంటే ఆ నాలుగేళ్లు పెట్టాలంటే మీ ఎనిమిదేళ్లని చెరిపేయాలి. మీ దగ్గరున్న విలువైన వస్తువు అదొక్కటే. కొత్తగా బీటెక్ అయిన 22 ఏళ్ల పిల్లలతో టెస్టింగ్ కోర్సు సర్టిఫికెట్ పట్టుకుని మీరు పోటీ పడితే వాళ్లే గెలుస్తారు. వాళ్లు తక్కువ జీతానికి వస్తారు, రాత్రంతా కూర్చుంటారు. అదే హెచ్‌పీఎల్‌సీలో (మందులోని పదార్థాల్ని వేరుచేసి కొలిచే పరికరం) ఒక పీక్‌ని మళ్లీ ఇంటిగ్రేట్ చేస్తే, అంటే గ్రాఫ్‌లో దాని వైశాల్యం మళ్లీ లెక్కిస్తే, ఆడిట్ ట్రయల్‌లో (ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో నమోదయ్యే రికార్డు) ఏం పడుతుంది, అది చూసి ఆడిటర్ ఏం అడుగుతాడు అన్న ప్రశ్నకి వాళ్లలో ఒక్కరూ జవాబు చెప్పలేరు. మీరు నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

హైదరాబాద్ ఫార్మా పెరిగిన తీరు కూడా అదే. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ బాలానగర్‌లో ప్లాంటు పెట్టింది. అక్కడ పని నేర్చుకున్నవాళ్లు ఎందరో బయటికి వచ్చి సొంతంగా బల్క్ డ్రగ్స్ చేశారు. అంజిరెడ్డి గారు కూడా ఐడీపీఎల్‌లో పనిచేసి వచ్చినవారే. 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టడానికి ముందు ఇంకో రెండు కంపెనీల్లో పని నేర్చుకున్నారు. వాళ్లెవరూ నేర్చుకున్న కెమిస్ట్రీని గేటు దగ్గర వదిలేసి రాలేదు. మీరూ వదలక్కర్లేదు.

మరి ఎక్కడికి మారాలి? నా దృష్టిలో మీకు మూడు దారులున్నాయి, మూడూ సమానమైనవి మాత్రం కావు.

మొదటిది, నేను గట్టిగా చెప్పేది, కంప్యూటర్ సిస్టమ్ వాలిడేషన్. మన వాళ్లు సీఎస్‌వీ అంటారు. మందుల కంపెనీల్లో వాడే ప్రతి సాఫ్ట్‌వేరూ చెప్పిన పని చెప్పినట్టు చేస్తోందని, డేటాని ఎవరూ గుట్టుగా మార్చలేరని కాగితం మీద నిరూపించాలి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో ఎలక్ట్రానిక్ రికార్డుల మీద తెచ్చిన పార్ట్ 11 నిబంధనతో ఈ పనికి గట్టి పునాది పడింది. యూరప్‌కి అనెక్స్ 11 ఉంది. పరిశ్రమ వాళ్లు రోజూ తిరగేసే గ్యాంప్ 5 గైడు 2008లో వచ్చింది, 2022లో దానికి రెండో కూర్పు తెచ్చారు. మన దేశంలోనూ 2023 డిసెంబరులో మందుల తయారీ నిబంధనలైన షెడ్యూల్ ఎమ్‌ని మార్చినప్పుడు కంప్యూటర్ వ్యవస్థల గురించి చేర్చారు. అంటే ఈ పని తగ్గేది కాదు. పైగా నోవార్టిస్, సనోఫీ, బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్, ఆమ్‌జెన్, ఎలై లిల్లీ లాంటివి హైదరాబాద్‌లో పెద్ద కేంద్రాలు పెట్టాయి. అక్కడి అవసరాల్లో ఇదీ ఒకటి. ఐటీ కంపెనీల్లో లైఫ్ సైన్సెస్ విభాగాలు వేరే ఉన్నాయి. లిమ్స్ పని కూడా దీనికి పక్కిల్లే.

రెండోది రెగ్యులేటరీ అఫైర్స్. ఒక మందు అనుమతి కోసం పంపే సీటీడీ ఫైలులో ఐదు మాడ్యూళ్లుంటాయి. వాటిలో మూడోది నాణ్యత గురించి. స్పెసిఫికేషన్లు, మెథడ్ వాలిడేషన్, స్టెబిలిటీ డేటా అన్నీ అందులోనే. మీరు రోజూ పుట్టించే డేటాయే అది. రాయడం ఇష్టమైతే మంచి దారి. మూడోది ఫార్మకోవిజిలెన్స్, అంటే మందుల దుష్ప్రభావాలని గమనించే పని. దానికి సాధారణంగా బీఫార్మసీ, ఎంఫార్మసీ వాళ్లని ముందు తీసుకుంటారు, మీ ఎనిమిదేళ్లకి అక్కడ దక్కే విలువ తక్కువ. నేనైతే అటు వెళ్లమనను.

ఇప్పుడు అసలు మాట. ఉద్యోగం మారడానికి ముందు మీ ప్లాంటులోనే పని మారండి. ఇది చాలామందికి తోచదు. కొత్త హెచ్‌పీఎల్‌సీ వచ్చినప్పుడు అది సరిగా అమరి, సరిగా పనిచేస్తోందని చూపే ఐక్యూ, ఓక్యూ, పీక్యూ అనే క్వాలిఫికేషన్ పరీక్షలు ఎవరో ఒకరు చేయాలి. హెచ్‌పీఎల్‌సీ డేటా చూసే సాఫ్ట్‌వేర్ ఎంపవర్ కొత్త వెర్షన్‌కి మారేటప్పుడు యూజర్ల తరఫున టెస్ట్ స్క్రిప్టులు ఎవరో నడిపించాలి. ఆడిట్ ట్రయల్ రివ్యూ అంటే అందరూ తప్పించుకు తిరుగుతారు. ఆ పనులు మీరు అడిగి తీసుకోండి. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, కంపెనీ అసలే పెట్టదు. ఆరు నెలల్లో ఇలాంటివి మూడు చేశారంటే మీ రెజ్యూమెలో రాయడానికి నిజమైన సీఎస్‌వీ అనుభవం ఉంటుంది. కన్సల్టెన్సీకి లక్ష రూపాయలు కట్టే పని ఉండదు. నన్ను 2009లో తీసుకున్నది కూడా అందుకే. మా ల్యాబ్‌లో లిమ్స్ పెట్టినప్పుడు శాంపిల్ నంబర్లు ఎలా ఉండాలో, రీటెస్ట్ వస్తే ఏం జరగాలో వాళ్లకి చెప్పింది నేనే. ఏడాది తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లే ఫోన్ చేశారు.

చదువుకోవాల్సింది ఎక్కువేమీ లేదు. పార్ట్ 11 మూలపాఠం ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది, కొద్ది పేజీలే. ఒక్కో క్లాజు చదివి, మీ ల్యాబ్‌లో అది ఎక్కడ కనిపిస్తుందో పక్కన రాసుకోండి. లాగిన్ పాస్‌వర్డులు, ఎలక్ట్రానిక్ సంతకాలు, బ్యాకప్, టైమ్ స్టాంప్ అన్నీ దొరుకుతాయి. తర్వాత డేటాబేస్ నుంచి సమాచారం తీసే భాష ఎస్‌క్యూఎల్ ప్రాథమిక స్థాయి నేర్చుకోండి, ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో డేటాబేస్ పాఠాలు ఉచితంగా వినొచ్చు. రోజుకి గంట చాలు. నైట్ షిఫ్ట్ వారంలో మానేసినా పర్వాలేదు.

డబ్బు విషయం కొంచెం జాగ్రత్తగా చూడండి. మొదటి మార్పులో పెద్ద హైక్ వస్తుందనుకోకండి. నేను మారినప్పుడు నెలకి రెండున్నర వేలు తగ్గింది, రెండేళ్లకి పూడింది. ఇల్లు మారే ఖర్చు, పాప స్కూలు, హైదరాబాద్ అద్దె లెక్కేసుకుని కనీసం ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకున్నాకే కదలండి. మీ భార్యతో ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. "చూద్దాంలే" అని నానబెడితే ఇంట్లో టెన్షన్ పెరుగుతుంది.

పీఎఫ్ డబ్బు తీసుకోకండి, కొత్త కంపెనీకి బదిలీ చేయించుకోండి. ముఖ్యంగా పెన్షన్ భాగం. ఈపీఎస్‌లో పదేళ్ల సర్వీసు పూర్తయితే 58 ఏళ్లకి నెలవారీ పెన్షన్‌కి అర్హత వస్తుంది. మీకు ఎనిమిదేళ్లయ్యాయి. ఇప్పుడు ఫారం 10సీ పెట్టి తీసేసుకుంటే ఆ ఎనిమిదేళ్లూ పోయినట్టే, మళ్లీ సున్నా నుంచి లెక్క. గ్రాట్యుటీ మాత్రం మీకు హక్కుగా వస్తుంది, ఐదేళ్లు దాటారు కాబట్టి. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 22,000 అనుకుంటే, దాన్ని 15తో, సర్వీసు 8 ఏళ్లతో గుణించి 26తో భాగించాలి. 1,01,538 రూపాయలు వస్తుంది. రాజీనామా చేసేటప్పుడు అడగడానికి మొహమాటపడకండి. నోటీస్ పీరియడ్ పూర్తిగా చేసి, రిలీవింగ్ లెటర్ చేతికి వచ్చాకే బయటికి రండి.

మొహమాటం అన్నాను కదా. మీటింగుల్లో నోరు ఎలా తెరవాలన్న మీ ప్రశ్న అంతా అక్కడే ఉంది.

మీకు కమ్యూనికేషన్ లేదని మూడేళ్లుగా రాస్తున్నారు. మీరు దాన్ని "నాకు ఇంగ్లీషు రాదు" అని చదువుకుంటున్నారు. ఒక్కసారి ల్యాబ్ మనిషిగా ఆలోచించండి. ఓఓఎస్ వచ్చిందనుకోండి, స్పెసిఫికేషన్ దాటిన రిజల్ట్. విచారణలో మూలకారణం దగ్గర "అనలిస్ట్ తప్పు" అని రాసేసి వదిలేస్తే ఆడిటర్ ఒప్పుకుంటాడా? ఏ స్టెప్‌లో, ఏ ఆధారంతో, ఎలా నిరూపించావు అని అడుగుతాడు. "కమ్యూనికేషన్ లేదు" అన్నది కూడా అలాంటి నిరూపణ లేని మూలకారణమే. మీ మేనేజర్ దగ్గరికి వెళ్లి, గొడవ పెట్టుకున్నట్టు కాకుండా నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడగండి: "సార్, ఈ ఏడాదిలో నేను సరిగ్గా చెప్పకపోవడం వల్ల మీకు ఇబ్బంది అయిన సందర్భాలు రెండు చెప్పగలరా? వాటి మీద పని చేస్తాను." ఆయన చెప్పే సంఘటనల్లో ఇంగ్లీషు వ్యాకరణం ఉండదని నాకు గట్టి నమ్మకం. "ఆ రోజు హెచ్‌పీఎల్‌సీ కాలమ్ పోయిందని నాకు సాయంత్రం ఆరింటికి చెప్పావు, డిస్పాచ్ బండి అప్పటికే వచ్చేసింది" అంటారు. ఆలస్యంగా చెప్పడం, సగం చెప్పడం, అడగాల్సింది అడగకపోవడం. నేను చూసినంతలో నూటికి తొంభై మంది విషయంలో జరిగేది ఈ మూడిట్లో ఒకటి.

ఇది మనకి ఇంటి నుంచే వస్తుంది. పెద్దవాళ్ల ముందు ఎదురు మాట్లాడకపోవడం మర్యాద అని పెంచారు. స్కూల్లో డౌట్ అడిగితే "ఇంతసేపూ ఏం విన్నావు" అన్నారు. ఆ మర్యాదని నేను తక్కువ చేయడం లేదు, అలా పెరిగినందుకు నాకు సంతోషమే. కానీ ఆఫీసులో మౌనానికి అర్థం వేరు. ఇంట్లో తలూపితే "వింటున్నాను" అని. మీటింగులో తలూపితే "ఒప్పుకున్నాను, చేస్తాను" అని రాసుకుంటారు.

దీని వల్ల నాకు జరిగింది చెబుతాను. 2010లో, కొత్త కంపెనీలో నాకు ఏడో నెల. విదేశీ క్లయింట్ ఒకరికి లిమ్స్‌లో లెక్కలు అమరుస్తున్నాం. కాల్‌లో ఆయన చెప్పిన దాన్ని బట్టి ప్రతి రీడింగునీ ఒక దశాంశానికి సవరించి (రౌండ్ చేసి), ఆ తర్వాత సగటు తీయాలని మా డెవలపర్ రాసుకున్నాడు. నాకు అది తప్పనిపించింది. ల్యాబ్‌లో చివరి ఫలితాన్నే సవరిస్తాం, మధ్యలో సవరించం. ఉదాహరణకి అస్సే, అంటే అసలు మందు ఎంత శాతం ఉందన్న లెక్క, 99.0 కంటే తగ్గకూడదు. మూడు రీడింగులు 98.95, 98.96, 98.91 అనుకోండి. సగటు 98.94, సవరిస్తే 98.9, బ్యాచ్ ఫెయిల్. అదే ముందే సవరిస్తే 99.0, 99.0, 98.9 అవుతాయి, సగటు 98.97, సవరిస్తే 99.0. ఫెయిల్ అవ్వాల్సిన బ్యాచ్ పాస్ అయిపోయింది!

కాల్‌లో ఉన్నవాళ్లలో ఇది తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. కానీ ఆయన ఉచ్చారణ నాకు సరిగా అర్థం కాలేదు, మళ్లీ చెప్పమంటే ఏమనుకుంటారోనని ఊరుకున్నాను. "ఓకే?" అని అడిగిన ప్రతిసారీ "ఓకే" అన్నాను. మూడు వారాల తర్వాత వాలిడేషన్‌లో ఇది పట్టుబడింది. ఆయన చెప్పింది కూడా చివర్లో సవరించమనే, మా వాళ్లే తిప్పి రాసుకున్నారు. మొత్తం లెక్కలు మళ్లీ రాశారు. డెవలపర్ కుర్రాడు దీపావళికి ఇంటికి వెళ్లలేకపోయాడు. వాలిడేషన్‌లో పట్టుబడకపోయి ఉంటే ఆ బ్యాచ్ మాత్రలు ఎవరి చేతికి వెళ్లేవో అని ఇప్పటికీ తలుచుకుంటాను. ఆ రోజు నాకు లోపించింది ఇంగ్లీషు కాదు. "ఒక్క నిమిషం, సవరణ చివర్లోనా, మధ్యలోనా?" అని అడగడానికి నాకు వచ్చిన ఇంగ్లీషు సరిపోయేది.

ఇంకో సంగతి. మీకు కమ్యూనికేషన్ నేర్పే పని మీ ల్యాబే ఎప్పుడో చేసేసింది, మీరు గుర్తించలేదు. మందుల తయారీ నియమాలైన జీఎంపీలో "రాయనిది జరగనట్టే" అని మొదటి రోజే చెబుతారు. పద్ధతి తప్పినప్పుడు రాసే డీవియేషన్ రిపోర్టులు ఎన్ని రాసి ఉంటారు? ఏం జరిగింది, ఎప్పుడు, ఏ పరికరం, ఏ బ్యాచ్, దాని ప్రభావం ఏమిటి, వెంటనే ఏం చేశారు, ఇంకా ఏం చేయాలి. పెద్ద పెద్ద ఆఫీసుల్లో వేలు పోసి ట్రైనింగులు ఇప్పించి మేనేజర్లకి నేర్పేది ఇదే వరస. మీరు కాగితం మీద రాసేటప్పుడు పాటిస్తారు, నోటితో చెప్పేటప్పుడు, మెయిల్ పెట్టేటప్పుడు మర్చిపోతారు.

ఉదాహరణకి, ఉదయం మీటింగులో మీరు ఇలా అంటారనుకుంటాను: "సార్, కొంచెం లేట్ అయ్యేలా ఉంది, చూస్తున్నాం, అయిపోతుంది సార్." విన్నవాళ్లకి ఏమీ తెలియలేదు, భయం మాత్రం పుట్టింది. అదే డీవియేషన్ రిపోర్టు వరసలో చెప్పండి: "సార్, మూడు బ్యాచ్‌లలో రెండు అయ్యాయి. మూడోదానికి రాత్రి 2 గంటలకి కాలమ్ ప్రెషర్ పెరిగి రన్ ఆపేశాను. కొత్త కాలమ్ వేశాం, సూటబిలిటీ పరీక్ష నడుస్తోంది. సాయంత్రం 5కి రిజల్ట్ వస్తుంది. డిస్పాచ్ వాళ్లకి మధ్యాహ్నం బండి వద్దని చెప్పమంటారా?" పట్టుమని పదిహేను సెకన్లు. తెలుగులో చెప్పినా, ఇంగ్లీషులో చెప్పినా, రెండూ కలిపి చెప్పినా అది మంచి కమ్యూనికేషనే. చివరి ప్రశ్న ముఖ్యం. అవతలివాళ్లు ఏం నిర్ణయించాలో మీరే చేతికి అందించారు.

"అయిపోతుంది" అన్న మాటని మాత్రం మానేయండి. "ట్రై చేస్తాను" కూడా. మన మధ్య "ట్రై చేస్తాను" అంటే కుదరదని సగం మందికి అర్థమవుతుంది. ఇంకో రాష్ట్రం వాళ్లకి, ఇంకో దేశం వాళ్లకి అర్థం కాదు, వాళ్లు ఎదురుచూస్తారు. కుదరకపోతే కుదరదని, ఎప్పటికి కుదురుతుందో తేదీతో చెప్పండి. "ఐ హావ్ ఎ డౌట్" అనేది కూడా అలాంటిదే. మనకి డౌట్ అంటే ప్రశ్న. అవతలి దేశం వాళ్లకి మీ మాట మీద నమ్మకం లేదన్నట్టు వినిపిస్తుంది. "క్వశ్చన్" అనండి చాలు.

కాల్ అయ్యాక గంటలోపు మీకు అర్థమైనది నాలుగు లైన్లలో మెయిల్ పెట్టే అలవాటు చేసుకోండి. ఎవరు ఏం చేయాలి, ఎప్పటికి, నాకు ఏది స్పష్టంగా లేదు. మాట్లాడటంలో వెనకబడినవాళ్లకి ఇది పెద్ద అండ, ఎందుకంటే రాసేటప్పుడు ఆలోచించుకునే టైమ్ ఉంటుంది. షిఫ్ట్ మారేటప్పుడు లాగ్‌బుక్‌లో రాసి, తర్వాతి వాళ్లచేత చదివించి సంతకం తీసుకుంటారు కదా, ఇదీ అదే. నేను ఆ దీపావళి తర్వాత మొదలుపెట్టాను. కొన్ని నెలలకి "కాల్ నోట్స్ ఆవిడ పంపుతుంది కదా" అని అందరూ నా మెయిల్ కోసం చూడటం మొదలైంది. మాట్లాడకుండానే టీమ్‌లో నాకొక స్థానం వచ్చింది. ఆ ధైర్యంతో మాట్లాడటం వచ్చింది.

ఇంగ్లీషు అక్కర్లేదనడం లేదు. హైదరాబాద్‌లో ఈ ఉద్యోగాలకి కావాలి. కాకపోతే స్పోకెన్ ఇంగ్లీష్ పుస్తకంలో హోటల్లో టిఫిన్ ఆర్డర్ చేసే వాక్యాలు బట్టీ పడితే ఉపయోగం లేదు. మీ పని గురించి మీరు మాట్లాడగలగాలి, అంతే. మీరు రాసిన డీవియేషన్ రిపోర్టు ఒకటి తీసుకుని, చూడకుండా ఫోన్‌లో రెండు నిమిషాలు చెప్పి రికార్డ్ చేసుకోండి. విని, ఎక్కడ ఆగిపోయారో ఆ మాట వెతుక్కుని మళ్లీ చెప్పండి. కంపెనీ కాగితాలు మాత్రం ఇంటికి తేవద్దు, గుర్తున్నది చెప్పండి చాలు. రోజుకొకటి, మూడు నెలలు. చిన్న వాక్యాలు, నెమ్మదిగా. తెలుగు మీడియం నుంచి వచ్చానని మీరు రాశారు. నేనూ అంతే, జిల్లా పరిషత్ హైస్కూల్. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో చెప్పడం తప్పేమీ కాదు. తొందర వల్ల తప్పులు వస్తాయి, నెమ్మదిగా మాట్లాడేవాళ్లని ఇంటర్వ్యూలో ఎవరూ తక్కువ చేసి చూడరు. నేను చూడను, నాతో కూర్చునేవాళ్లూ చూడరు.

"టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" దగ్గర రెండుసార్లు ఇరుక్కున్నానన్నారు. అక్కడ ఊరు, నాన్నగారి పేరు, హాబీలు చెప్పి ఉంటారు, చాలామంది అదే చెబుతారు. ఆ ప్రశ్నకి అర్థం "మా పనికి నువ్వు ఎలా పనికొస్తావు" అని. నేను పైన చెప్పిన పనులు ఆరు నెలలు చేశాక మీ జవాబు తెలుగులో ఇలా ఉండాలి, ఇంగ్లీషులోకి మీ మాటల్లో మార్చుకోండి: "ఎనిమిదేళ్లుగా బల్క్ డ్రగ్ ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ, జీసీ పరికరాల మీద పనిచేస్తున్నాను. గత ఆరు నెలల్లో రెండు కొత్త పరికరాల క్వాలిఫికేషన్‌లో, ఒక సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్‌లో యూజర్ టెస్టింగ్ చేశాను. ఆడిట్ ట్రయల్ రివ్యూ ప్రతి వారం నేనే చూస్తాను. సాఫ్ట్‌వేర్‌ని యూజర్ వైపు నుంచి తెలుసుకున్నాను కాబట్టి, ఇప్పుడు వాలిడేషన్ వైపు రావాలనుకుంటున్నాను." నిమిషం కూడా పట్టదు. తర్వాత ప్రశ్నలన్నీ మీకు తెలిసిన వాటి మీదే వస్తాయి, ఎందుకంటే దారి మీరే చూపించారు. తెలియనిది అడిగితే తెలియదనండి. గ్యాంప్ కేటగిరీలు అడిగితే నోటికొచ్చినట్టు చెప్పి దొరికిపోయినవాళ్లని తీసుకోలేదు. "చదివాను, చేసి చూడలేదు" అన్నవాళ్లని తీసుకున్నాం.

మీ వెనక ఎనిమిదేళ్లు ఒకే కంపెనీలో ఉండటం లోపమని కూడా రాశారు. నా బల్ల వైపు నుంచి చూస్తే అది బలం. ఎఫ్‌డీఏ ఆడిట్లు జరిగే ప్లాంటులో ఎనిమిదేళ్లు నిలబడిన మనిషికి రాతలో క్రమశిక్షణ ఉంటుంది, అది నేర్పడం చాలా కష్టం. ఎస్‌క్యూఎల్ అయితే నెలలో నేర్పేస్తాం.

మానేయాలని నిర్ణయించుకున్న రోజున ముందు మీ మేనేజర్‌కి ఎదురుగా కూర్చుని చెప్పండి, తర్వాతే మెయిల్. మన ఫార్మా లోకం చిన్నది. పరవాడలో మీతో చేసినవాళ్లు రేపు హైదరాబాద్ దగ్గర పాశమైలారంలోనో, జీనోమ్ వ్యాలీలోనో ఎదురవుతారు. మిమ్మల్ని మూడేళ్లు "కమ్యూనికేషన్ లేదు" అని రాసిన ఆ సారే ఒకరోజు మీ గురించి ఫోన్‌లో అడిగినవాళ్లకి జవాబు చెప్పాల్సి రావచ్చు. నా విషయంలో అలాగే జరిగింది, మా పాత క్యూసీ హెడ్ మంచిగానే చెప్పారు.

ఈ వారంలో చేయాల్సినవి రెండే. ఒకటి, మేనేజర్‌ని ఆ రెండు సంఘటనలు అడగండి. రెండు, మీ క్యూఏ (నాణ్యత హామీ) విభాగంలో రాబోయే ఆరు నెలల్లో ఏ పరికరాల క్వాలిఫికేషన్, ఏ సాఫ్ట్‌వేర్ మార్పు ఉందో కనుక్కుని, అందులో ఒకదానికి మీ పేరు ఇవ్వండి. వాళ్లు ఏమన్నారో, మీ పరిచయ జవాబు మీ ఇంగ్లీషులో ఎలా వచ్చిందో రాసి పెట్టండి. తప్పులున్నా అలాగే పెట్టండి, లైన్ లైన్‌గా చూసి చెబుతాను.